నాలుగైదు థ్రెడ్లు ఒకే డేటాని మారుస్తుంటే మెమరీలో ఒక లెక్క, డేటాబేస్‌లో ఇంకో లెక్క వస్తోంది, సింక్‌లో ఎలా ఉంచాలి?

గోడౌన్_కోడ్ అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్తే అండి. జావాలో ఒక గోడౌన్ స్టాక్ అప్లికేషన్ మీద పనిచేస్తున్నా, డేటా అంతా ఆ మెషిన్‌లోనే ఎస్క్యూలైట్ (మొత్తం ఒకే ఫైల్‌లో ఉండే చిన్న డేటాబేస్) ఫైల్‌లో ఉంటుంది. ప్రతిదానికీ డేటాబేస్ దాకా వెళ్తే స్లో అవుతుందని ఐటమ్ వివరాలూ ఇప్పుడున్న కౌంటూ మెమరీలో ఒక మ్యాప్‌లో కూడా పెట్టుకున్నాం. ఈ డేటాని ముట్టుకునే థ్రెడ్లు (ఒకే ప్రోగ్రామ్‌లో ఒకేసారి నడిచే పనులు) చాలా ఉన్నాయి. బార్‌కోడ్ స్కానర్ల నుంచి వచ్చే ఎంట్రీలు తీసుకునే వర్కర్ థ్రెడ్లు కొన్ని, సెంట్రల్ సర్వర్‌తో ఇచ్చిపుచ్చుకునే సింక్ థ్రెడ్ ఒకటి, రిపోర్టులు తయారుచేసేది ఒకటి, స్క్రీన్ మీద చూపించే యూఐ థ్రెడ్ ఎలాగూ ఉంటుంది.

సమస్య ఏంటంటే ఒక్కో స్కానర్‌తో విడిగా టెస్ట్ చేస్తే అంతా కరెక్ట్‌గా ఉంటోంది, అన్నీ ఒకేసారి వాడటం మొదలయ్యాక సాయంత్రానికి కౌంట్లు తేడా వస్తున్నాయి. స్క్రీన్ మీద ఒక నంబర్, డేటాబేస్ తెరిచి చూస్తే ఇంకో నంబర్, గోడౌన్‌లో నిజంగా లెక్కపెడితే మూడో నంబర్. యాప్ రీస్టార్ట్ చేస్తే స్క్రీనూ డేటాబేసూ మళ్ళీ కలిసిపోతాయి కానీ అసలు లెక్క మాత్రం తప్పుగానే ఉంటుంది.

ఇప్పటిదాకా చేసినవి చెప్తా. మొదట మామూలు హ్యాష్‌మ్యాప్ ఉండేది, దాన్ని కంకరెంట్‌హ్యాష్‌మ్యాప్‌గా మార్చాం, తేడాలు తగ్గలేదు. కౌంట్ ఫీల్డ్‌కి వోలటైల్ పెట్టి చూశాం, అదీ అంతే. డేటాబేస్ వైపు మొదట్లో అన్ని థ్రెడ్లకీ ఒకే కనెక్షన్ ఉండేది, తర్వాత ఒక్కో థ్రెడ్‌కి ఒక్కో కనెక్షన్ ఇచ్చాం, అప్పట్నుంచి "డేటాబేస్ ఈజ్ లాక్డ్" అనే ఎర్రర్ మొదలైంది. బిజీ టైమౌట్ పెంచాం కానీ విచిత్రంగా ఒక్కోసారి ఆ టైమ్ అయ్యేదాకా ఆగకుండా వెంటనే ఎర్రర్ ఇచ్చేస్తోంది.

ఒక స్కాన్ వస్తే మా కోడ్ చేసే పని ఇది: మ్యాప్‌లోంచి ఐటమ్ తీసుకుంటుంది, కౌంట్ చూస్తుంది, సరిపడా ఉంటే తగ్గించి మళ్ళీ మ్యాప్‌లో పెడుతుంది, ఆ తర్వాత అదే నంబర్‌ని డేటాబేస్‌లో అప్డేట్ చేస్తుంది. ఇందులో లాక్ (ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే లోపలికి వదిలేది) ఎక్కడ పెట్టాలి, అన్నిటికీ ఒకటే పెట్టాలా ఐటమ్‌కి ఒకటి పెట్టాలా, అసలు ఈ మెమరీ కాపీ ఉంచుకోవడమే తప్పా? కొంచెం వివరంగా చెప్పగలరు.


సింపుల్‌గా_చేద్దాం:

మీ కోడ్‌లో చూడటం, తగ్గించడం, పెట్టడం మూడూ విడివిడి పనులు, మధ్యలో ఇంకో థ్రెడ్ దూరుతోంది, అంతే. ఆ మొత్తం పనిని, డేటాబేస్ అప్డేట్‌తో సహా, ఒకే సింక్రనైజ్డ్ బ్లాక్‌లో పెట్టేయండి, అందరికీ ఒకే లాక్ ఆబ్జెక్ట్. చదివే చోట కూడా అదే లాక్ తీసుకోవాలి, అది చాలామంది వదిలేస్తారు. ఒక మనిషి స్కాన్ చేసే వేగానికి ఒక లాక్ ఏ మాత్రం బరువు కాదు. ముందు లెక్క కరెక్ట్ అవ్వనివ్వండి, స్లో అయితే అప్పుడు కొలిచి చూసి విడగొట్టుకోవచ్చు.


బ్యాకెండ్_పాతకాపు:

పైన చెప్పినది మొదటి అడుగుగా కరెక్టే, నేనైనా అక్కడ్నుంచే మొదలుపెడతా. కానీ మీరు చేసిన మార్పులు ఎందుకు పనిచేయలేదో అర్థం కాకపోతే రేపు కోడ్‌లో ఇంకో చోట ఇదే మళ్ళీ వస్తుంది కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తున్నా.

కంకరెంట్‌హ్యాష్‌మ్యాప్ జావా 5తో, అంటే 2004లో వచ్చింది, అది మీకు ఇచ్చే హామీ ఒకటే, ఎన్ని థ్రెడ్లు ఒకేసారి రాసినా మ్యాప్ లోపలి నిర్మాణం పాడవదు, ఒక్కో ఆపరేషన్ విడిగా చూస్తే పూర్తిగా జరుగుతుంది. మామూలు హ్యాష్‌మ్యాప్‌కి ఆ హామీ కూడా లేదు, జావా 8కి ముందు రెండు థ్రెడ్లు ఒకేసారి దాన్ని పెంచే పనిలో పడితే లోపలి లిస్ట్ గుండ్రంగా తిరిగిపోయి ఒక థ్రెడ్ అందులోంచి బయటికే రాకుండా సీపీయూ మొత్తం తినేసేది, ఇది చాలా ప్రొడక్షన్ సర్వర్లలో జనం చూసిందే. కాబట్టి ఆ మార్పు మంచిదే. కానీ మీరు ఒక గెట్ చేసి, మధ్యలో లెక్క వేసి, తర్వాత పుట్ చేస్తున్నారు, ఈ రెండూ కలిపి ఒకే పని అని మ్యాప్‌కి ఎలా తెలుస్తుంది? కౌంట్ 10 ఉందనుకోండి, థ్రెడ్ ఎ 10 చదివింది, థ్రెడ్ బి కూడా 10 చదివింది, ఎ 9 రాసింది, బి కూడా 9 రాసింది. బయటికి వెళ్ళినవి రెండు, తగ్గింది ఒకటి. దీన్నే లాస్ట్ అప్డేట్ అంటారు, మీ మూడో నంబర్ పుట్టేది ఇక్కడే.

వోలటైల్ కూడా అంతే, ఒక థ్రెడ్ రాసినది మిగతా థ్రెడ్లకి కనబడేలా చేస్తుంది తప్ప చదివి, మార్చి, రాయడాన్ని ఒకే పనిగా కట్టదు. ఒకటి తగ్గించే ఆ చిన్న లైన్ కూడా లోపల మూడు పనులే. ఇంకోటి, చదివే చోట కూడా లాక్ తీసుకోవాలని పైన ఆయన అన్నది ఎందుకంటే జావా మెమరీ మోడల్ ప్రకారం రాసిన థ్రెడ్ లాక్ వదిలి, చదివే థ్రెడ్ అదే లాక్ తీసుకుంటేనే ఆ రాసినదంతా చదివేవాళ్ళకి కచ్చితంగా కనబడుతుంది. లాక్ లేకుండా, వోలటైల్ లాంటిదేదీ లేకుండా చదివితే పాత విలువ కనబడొచ్చు, ఒక ఫీల్డ్ కొత్తది ఇంకో ఫీల్డ్ పాతది కూడా కనబడొచ్చు. మీ రిపోర్ట్ థ్రెడ్‌లో టోటల్ ఒకటి, విడివిడి లైన్ల మొత్తం ఇంకోటి వస్తుంటే అక్కడ చూడండి.

ఇప్పుడు అసలు విషయం. మీ డిజైన్‌లో నిజం రెండు చోట్ల ఉంది. కౌంట్ ఎంత అంటే మ్యాప్ ఒకటి చెప్తుంది, డేటాబేస్ ఇంకోటి చెప్తుంది, తేడా వస్తే ఎవరి మాట నమ్మాలో మీ కోడ్‌లో ఎక్కడా రాసి లేదు. అది తేల్చకుండా ఎన్ని లాక్‌లు పెట్టినా ఏదో ఒక దారిలో తేడా వస్తూనే ఉంటుంది. నా మాట ఏంటంటే డేటాబేస్ చెప్పిందే నిజం, మెమరీలో ఉన్నది చదవడానికి వీలుగా ఉంచుకున్న కాపీ మాత్రమే, ఎప్పుడు పారేసినా మళ్ళీ కట్టుకోగలగాలి. తగ్గించే నిర్ణయం ఎప్పుడూ మెమరీలో ఉన్న నంబర్‌ని చూసి తీసుకోకూడదు.

అలా అనుకున్నాక కోడ్ చాలా సింపుల్ అవుతుంది. మెమరీలో లెక్కేసి "కౌంట్ 9 చెయ్యి" అని డేటాబేస్‌కి పంపే బదులు "ఈ ఐటమ్ కౌంట్‌లో ఒకటి తగ్గించు, కానీ కౌంట్ కనీసం ఒకటి ఉంటేనే" అని ఒకే అప్డేట్ స్టేట్‌మెంట్‌లో పంపండి. సెట్ భాగంలో కౌంట్ మైనస్ ఒకటి, వేర్ భాగంలో ఐడీతో పాటు కౌంట్ ఒకటికి తక్కువ కాకూడదనే షరతు. ఎన్ని రోలు (టేబుల్‌లోని వరసలు) మారాయో డ్రైవర్ తిరిగి చెప్తుంది. ఒకటి అని వస్తే తగ్గింది, సున్నా అని వస్తే స్టాక్ లేదు. చదవడం, చూడటం, రాయడం అన్నీ డేటాబేస్ లోపల ఒకే దెబ్బకి అయిపోతాయి, మధ్యలో ఎవరూ దూరలేరు.

అన్నీ ఇలా ఒక లైన్‌లో పట్టవు, ఉదాహరణకి స్క్రీన్ మీద ఒకరు ఐటమ్ వివరాలు తెరిచి ఎడిట్ చేస్తూ కూర్చుంటే అంతసేపూ లాక్ పట్టుకుని ఉండలేం కదా, అలాంటి వాటికి టేబుల్‌లో వెర్షన్ అని ఒక కాలమ్ పెట్టండి. చదివేటప్పుడు వెర్షన్ కూడా చదవాలి, రాసేటప్పుడు "వెర్షన్ ఇంకా అదే ఉంటేనే మార్చు, మార్చి వెర్షన్ ఒకటి పెంచు" అనాలి. సున్నా రోలు మారాయంటే మధ్యలో ఇంకెవరో మార్చారు, మళ్ళీ చదివి మళ్ళీ ప్రయత్నించాలి, లేదా ఎడిట్ చేసే మనిషికి చెప్పాలి. ఆ సున్నాని చెక్ చేయకుండా వదిలేసిన కోడ్ చాలా చూశాను, అలా వదిలేస్తే వెర్షన్ కాలమ్ ఉన్నా లేనట్టే, పైగా ఆ మనిషి చేసిన ఎడిట్ చప్పుడు లేకుండా పోతుంది.

ఇంక మెమరీ కాపీ. ముందు ట్రాన్సాక్షన్ (కలిసి జరగాల్సిన డేటాబేస్ మార్పుల కట్ట) కమిట్ అవ్వాలి, అంటే డేటాబేస్‌లో ఖాయం అవ్వాలి, ఆ తర్వాతే కాపీని ముట్టుకోవాలి. మీ కోడ్‌లో ఇది తలకిందులుగా ఉంది, ముందు మ్యాప్ మారుతోంది తర్వాత డేటాబేస్, ఆ అప్డేట్ లాక్డ్ ఎర్రర్‌తో ఫెయిల్ అయిన ప్రతిసారీ మ్యాప్‌లో తగ్గింది డేటాబేస్‌లో తగ్గలేదు. రీస్టార్ట్ చేస్తే రెండూ కలిసిపోతున్నాయన్నారు కదా, మ్యాప్ మళ్ళీ డేటాబేస్ నుంచి నిండుతుంది కాబట్టి కలుస్తున్నాయి, అంటే మీ మొదటి తేడాకి కారణం దాదాపు ఇదే.

కమిట్ అయ్యాక కాపీలోంచి ఆ ఎంట్రీ తీసేస్తే చాలు, తర్వాత అడిగినవాళ్ళు డేటాబేస్ నుంచి తెచ్చుకుంటారు అని చాలామంది రాస్తారు. అందులో కూడా ఒక సందు ఉంది, జాగ్రత్తగా చదవండి. కాపీలో ఎంట్రీ లేదు, చదివే థ్రెడ్ డేటాబేస్‌కి వెళ్ళి 10 తెచ్చుకుంది, ఇంకా మ్యాప్‌లో పెట్టలేదు. ఈలోపు రాసే థ్రెడ్ 9 చేసి కమిట్ చేసి మ్యాప్‌లో ఎంట్రీ తీసేసింది, అక్కడ తీయడానికి ఏమీ లేదు. ఇప్పుడు చదివే థ్రెడ్ తీరిగ్గా తన పాత 10 తెచ్చి మ్యాప్‌లో పెట్టింది. ఇక ఆ ఐటమ్‌ని మళ్ళీ ఎవరైనా మార్చేదాకా స్క్రీన్ మీద 10 అలాగే ఉంటుంది. దీనికి వెర్షన్ కాలమే మందు, మ్యాప్‌లో పెట్టేటప్పుడు ఉన్నదానికంటే కొత్త వెర్షన్ అయితేనే పెట్టాలి, కంకరెంట్‌హ్యాష్‌మ్యాప్‌లో కంప్యూట్ అనే మెథడ్ ఈ పోల్చడం, పెట్టడం రెండూ ఒకే పనిగా చేస్తుంది. దానితో పాటు ఎంట్రీ తీసేయడం మానేసి కమిట్ అయిన కొత్త విలువనే వెర్షన్‌తో సహా పెట్టండి, అప్పుడు పాతదాన్ని పోల్చి చూడటానికి అక్కడ ఏదో ఒకటి ఉంటుంది. కంప్యూట్‌కి ఇచ్చే ఫంక్షన్ చిన్నదిగా ఉండాలి, అందులోంచి డేటాబేస్ కాల్ చేయొద్దు, అదే మ్యాప్‌లో ఇంకో ఎంట్రీని అసలే ముట్టుకోవద్దు.

మ్యాప్‌లో పెట్టే ఐటమ్ ఆబ్జెక్ట్ మారనిదిగా ఉండాలి, అన్ని ఫీల్డ్లూ ఫైనల్. మార్పు వస్తే కొత్త ఆబ్జెక్ట్ కట్టి పాతదాని చోట పెట్టాలి. అప్పుడు యూఐ థ్రెడ్ ఏ ఆబ్జెక్ట్ పట్టుకున్నా అందులో సగం పాత సగం కొత్త అనేది ఉండదు, చదవడానికి లాక్ కూడా అక్కర్లేదు.


డేటాబేస్_మనిషి:

పాతకాపు గారు మెమరీ వైపు చెప్పాల్సింది చెప్పేశారు, నేను ఎస్క్యూలైట్ వైపు చెప్తా, ఎందుకంటే ఆ "వెంటనే ఎర్రర్" అన్న మాటలోనే జవాబు ఉంది.

ముందు ఒకే కనెక్షన్ గురించి. ఎస్క్యూలైట్ డిఫాల్ట్‌గా సీరియలైజ్డ్ మోడ్‌లో ఉంటుంది, ఒకే కనెక్షన్‌ని ఎన్ని థ్రెడ్లు వాడినా లోపల క్రాష్ అవ్వదు. కానీ ట్రాన్సాక్షన్ అనేది కనెక్షన్‌కి చెందింది, థ్రెడ్‌కి కాదు. థ్రెడ్ ఎ ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి రెండు అప్డేట్లలో ఒకటి చేసింది, అప్పుడే థ్రెడ్ బి తన పని ముగించి అదే కనెక్షన్ మీద కమిట్ కొట్టింది, ఎ వాళ్ళ సగం పని కూడా కమిట్ అయిపోయింది. తర్వాత ఎ లో ఎర్రర్ వచ్చి రోల్‌బ్యాక్ అంటే వెనక్కి తీయడానికి ఏమీ మిగల్లేదు. కాబట్టి థ్రెడ్‌కో కనెక్షన్ ఇవ్వడం సరైన మార్పే, ఎర్రర్లు కొత్తగా వచ్చాయని వెనక్కి వెళ్ళొద్దు.

ఇప్పుడు లాక్డ్ ఎర్రర్. ఎస్క్యూలైట్‌లో ఏ క్షణంలోనైనా రాసేవాళ్ళు ఒక్కరే. బిజీ టైమౌట్ అంటే ఆ ఒక్కరు అయ్యేదాకా ఇన్ని మిల్లీసెకన్లు ఆగు అని చెప్పడం. అయితే మామూలుగా బిగిన్ అంటే అది డిఫర్డ్, అంటే ట్రాన్సాక్షన్ మొదలవ్వగానే ఏ లాకూ తీసుకోదు, మొదట సెలెక్ట్ వస్తే చదివే లాక్, ఆ తర్వాత అప్డేట్ వస్తే అప్పుడు రాసే లాక్‌కి మారడానికి చూస్తుంది. రెండు థ్రెడ్లు ఇలాగే చదివేసి ఇద్దరూ రాయడానికి మారబోతే ఒకరి కోసం ఒకరు ఎంతసేపు ఆగినా తేలదు, అది డెడ్‌లాక్. ఎస్క్యూలైట్ అది పసిగట్టి టైమౌట్ పట్టించుకోకుండా ఒకరికి వెంటనే ఎర్రర్ ఇచ్చేస్తుంది. వాల్ మోడ్‌లో (రైట్-అహెడ్ లాగ్, మార్పుల్ని ముందు పక్కనున్న ఫైల్‌లో రాసే పద్ధతి) అయితే మీరు చదివిన తర్వాత ఇంకొకరు రాసి కమిట్ చేసేస్తే మీ చేతిలో ఉన్నది పాత ఫోటో, దాని మీద రాయనివ్వదు, అక్కడా ఆగి లాభం లేదు కాబట్టి వెంటనే ఎర్రరే. మీకు జరుగుతోంది ఈ రెండిట్లో ఏదో ఒకటి.

మందు ఏంటంటే రాయబోయే ట్రాన్సాక్షన్ ఏదైనా సరే బిగిన్ ఇమీడియట్‌తో మొదలవ్వాలి. రాసే లాక్ మొదట్లోనే తీసుకుంటుంది, ఆగాల్సి వస్తే అక్కడే ఆగుతుంది, టైమౌట్ కూడా అక్కడ సరిగ్గా పనిచేస్తుంది, ఒకసారి లోపలికి వెళ్ళాక మధ్యలో ఈ గొడవ ఉండదు. జావా డ్రైవర్ కాన్ఫిగ్‌లో ట్రాన్సాక్షన్ మోడ్ ఇమీడియట్ అని పెట్టుకోవచ్చు. చదవడానికి మాత్రమే వాడే కనెక్షన్‌కి అది పెట్టొద్దు, లేకపోతే రిపోర్ట్ థ్రెడ్ కూడా రాసేవాళ్ళ లైన్‌లో నిలబడుతుంది.

వాల్ మోడ్ ఆన్ చేయండి, 2010లో 3.7.0 వెర్షన్‌తో వచ్చింది. పాత జర్నల్ పద్ధతిలో రాసేవాళ్ళు కమిట్ చేసేటప్పుడు చదివేవాళ్ళంతా బయట ఉండాలి, వాల్‌లో చదివేవాళ్ళు రాసేవాళ్ళని ఆపరు, రాసేవాళ్ళు చదివేవాళ్ళని ఆపరు, మీ రిపోర్ట్ థ్రెడ్ తను మొదలుపెట్టిన క్షణంలో డేటా ఎలా ఉందో ఆఖరుదాకా అదే చూస్తుంది. రాసేవాళ్ళు మాత్రం అప్పుడూ ఒక్కరే. రెండు జాగ్రత్తలు చెప్తా, ఆ ఫైల్ నెట్‌వర్క్ షేర్ మీద ఉండకూడదు, ఎందుకంటే వాల్ ఒకే మెషిన్‌లోని షేర్డ్ మెమరీ మీద ఆధారపడుతుంది. రెండోది, రిపోర్ట్ థ్రెడ్ రిజల్ట్ సెట్ మూయకుండా వదిలేస్తే దాని చదివే ట్రాన్సాక్షన్ అలాగే తెరిచి ఉండి చెక్‌పాయింట్ (వాల్ ఫైల్‌లోని మార్పుల్ని అసలు ఫైల్‌లోకి చేర్చడం) పూర్తికాదు, వాల్ ఫైల్ పెరుగుతూ పోతుంది. ట్రై విత్ రిసోర్సెస్ (పని అవ్వగానే తనే మూసేసే జావా పద్ధతి) తప్ప ఇంకోలా రాయొద్దు.

ఇంకో దారి కూడా ఉంది, నాకు వ్యక్తిగతంగా ఎక్కువ నచ్చేది. ఎలాగూ రాసేవాళ్ళు ఒక్కరే కాబట్టి అప్లికేషన్‌లోనే రాసే థ్రెడ్ ఒకటే పెట్టండి. స్కానర్ థ్రెడ్లు, సింక్ థ్రెడ్ అన్నీ "ఈ పని చెయ్యి" అని ఒక క్యూలో వేస్తాయి, ఆ ఒక్క థ్రెడ్ ఒకదాని తర్వాత ఒకటి తీసి చేస్తుంది, లాక్డ్ ఎర్రర్ అనే మాటే ఉండదు. ఇంకో లాభం ఏంటంటే క్యూలో ఉన్నవాటిని కొన్ని కలిపి ఒకే ట్రాన్సాక్షన్‌లో కమిట్ చేయొచ్చు. ఖర్చంతా ఇన్సర్ట్‌లో లేదు, కమిట్‌లో ఉంది, డిస్క్ మీద నిజంగా పడిందని నిర్ధారించుకునేదాకా ఆగాలి కాబట్టి. ఎస్క్యూలైట్ వాళ్ళ డాక్యుమెంటేషన్‌లోనే ఉంటుంది, మామూలు కంప్యూటర్ మీద సెకనుకి 50,000 ఇన్సర్ట్‌లు సులువుగా అవుతాయి కానీ తిరిగే డిస్క్ అయితే సెకనుకి కొన్ని పదుల ట్రాన్సాక్షన్లే అవుతాయని.

క్యూకి హద్దు పెట్టండి, సింగిల్ థ్రెడ్ ఎగ్జిక్యూటర్ డిఫాల్ట్‌గా హద్దు లేని క్యూ వాడుతుంది, డిస్క్ స్లో అయిన రోజు మెమరీ నిండిపోతుంది. క్యూలో వేయగానే స్కాన్ చేసిన మనిషికి "సేవ్ అయింది" అని చూపించొద్దు, కరెంట్ పోతే క్యూలో ఉన్నదంతా పోతుంది, కమిట్ అయ్యాక ఫ్యూచర్ (పని ఫలితాన్ని తర్వాత అందించే జావా ఆబ్జెక్ట్) ద్వారా జవాబు వచ్చినప్పుడే బీప్ కొట్టాలి. అలా కలిపి కమిట్ చేసేటప్పుడు ఒకటి ఫెయిల్ అయితే మిగతావి పోకుండా ఒక్కోదానికి సేవ్‌పాయింట్ (ట్రాన్సాక్షన్ మధ్యలో అక్కడిదాకా వెనక్కి వెళ్ళగలిగే గుర్తు) వాడండి.


గోడౌన్_కోడ్:

ఇంత వివరంగా రాసినందుకు ఇద్దరికీ చాలా థాంక్స్ అండి. వాల్ ఆన్ చేసి, ఇమీడియట్ పెట్టి, తగ్గించేదాన్ని ఒకే అప్డేట్‌గా మార్చా, లాక్డ్ ఎర్రర్లు ఆగాయి, కమిట్ తర్వాతే మ్యాప్ మార్చేలా కూడా చేశా. రాసే థ్రెడ్ ఒకటే పెట్టే పద్ధతికి మారాలంటే కోడ్ చాలా చోట్ల మార్చాలి, దానికి టైమ్ పడుతుంది, ఈలోపు రెండు విషయాలు అడగాలి.

ఒకటి, ఐటమ్‌ని ఒక ర్యాక్ నుంచి ఇంకో ర్యాక్‌కి మార్చే పని ఉంది, అక్కడ టేబుల్ అప్డేట్లతో పాటు ప్రింటర్‌కి లేబుల్ పంపడం లాంటివి కూడా ఉన్నాయి కాబట్టి ర్యాక్‌కి ఒక లాక్ పెట్టుకుందామని ర్యాక్ ఐడీ మీదే సింక్రనైజ్డ్ పెట్టాం, ఐడీ ఇంటీజర్. టెస్ట్‌లో బాగుంది, అసలు డేటాతో కొన్ని ర్యాక్‌లకి పనిచేస్తోంది కొన్నిటికి చేయట్లేదు. రెండు, సర్వర్ నుంచి వచ్చే డేటా మా లోకల్ మార్పుల్ని చెరిపేస్తోంది.


బ్యాకెండ్_పాతకాపు:

మొదటిది చెప్తా, 127 కంటే పెద్ద ఐడీ ఉన్న ర్యాక్‌లకి పనిచేయట్లేదు, చూసుకోండి. జావాలో మామూలు ఇంట్‌ని ఇంటీజర్ ఆబ్జెక్ట్‌గా మార్చినప్పుడు మైనస్ 128 నుంచి 127 దాకా విలువలకి ముందే చేసిపెట్టిన ఒకే ఆబ్జెక్ట్ ఇస్తుంది, అది దాటితే మామూలుగా ప్రతిసారీ కొత్త ఆబ్జెక్ట్. ఇద్దరూ 500 అనే ఐడీ మీదే లాక్ తీసుకున్నా అవి రెండు వేరు వేరు ఆబ్జెక్ట్‌లు, ఎవరి లాక్ వాళ్ళదే, ఇద్దరూ లోపలికి వచ్చేస్తారు. చిన్న ఐడీల విషయంలో కూడా సంబంధం లేని ఇంకేదో లైబ్రరీ అదే ఆబ్జెక్ట్ మీద లాక్ పెడితే మీకు అడ్డం పడుతుంది. స్ట్రింగ్‌ల మీద లాక్ పెట్టడం కూడా ఇలాగే చెడుతుంది. 64 లాక్ ఆబ్జెక్ట్‌లతో ఒక అర్రే చేసుకుని, ఐడీని 64తో భాగిస్తే మిగిలే శేషాన్ని బట్టి లాక్ ఎంచుకోండి, ఐడీ నెగటివ్ వచ్చే అవకాశం ఉంటే ఫ్లోర్‌మాడ్ (ఇక్కడ శేషం నెగటివ్ కాకుండా ఇచ్చే మెథడ్) వాడండి.

రెండు ర్యాక్‌ల లాక్‌లు తీసుకునేటప్పుడు క్రమం తప్పకూడదు. ఒకరు 5 నుంచి 8కి, ఇంకొకరు 8 నుంచి 5కి ఒకేసారి మారుస్తుంటే ఒకరు 5 పట్టుకుని 8 కోసం, ఇంకొకరు 8 పట్టుకుని 5 కోసం ఆగి అక్కడే ఉండిపోతారు. ఎటునుంచి ఎటు మార్చినా అర్రేలో చిన్న నంబర్ లాక్ ముందు, పెద్దది తర్వాత, శేషాలు రెండూ ఒకటే వస్తే ఒక్కసారే. ఐడీలని బట్టి కాదు, శేషాన్ని బట్టి క్రమం, అది గుర్తుంచుకోండి, ఎందుకంటే 5 కంటే 64 పెద్దదే కానీ దాని శేషం సున్నా. ఎప్పుడైనా యాప్ బిగుసుకుపోతే జేస్టాక్ (థ్రెడ్లు ఎక్కడున్నాయో చూపే జావా టూల్) కొట్టి చూడండి, సింక్రనైజ్డ్ లాక్‌ల మధ్య డెడ్‌లాక్ అయితే ఏ థ్రెడ్ ఏది పట్టుకుని దేనికోసం ఆగిందో అదే చూపిస్తుంది.

ప్రింటర్ పనిని లాక్ లోపల్నుంచి దయచేసి బయటికి తీసేయండి. ప్రింటర్‌లో పేపర్ అయిపోతే ఆ లాక్ పట్టుకున్న థ్రెడ్ అలాగే ఉండిపోతుంది, దాని వెనక అందరూ. నెట్‌వర్క్ కాల్ కూడా అంతే, లాక్ లోపల కానీ ట్రాన్సాక్షన్ లోపల కానీ ఉండకూడదు. ట్రాన్సాక్షన్‌లో "ఈ లేబుల్ ప్రింట్ చేయాలి" అని ఒక రో రాసి కమిట్ చేయండి, వేరే థ్రెడ్ ఆ రోలు చూసి ప్రింట్ చేస్తుంది.


డేటాబేస్_మనిషి:

సర్వర్ విషయం నేను చెప్తా, ఆ లేబుల్ రో ఉపాయమే ఇక్కడా పనిచేస్తుంది. స్టాక్ మార్చే ట్రాన్సాక్షన్‌లోనే పంపాల్సినవి అని ఒక టేబుల్‌లో కూడా ఒక రో రాయండి, రెండూ కలిసే కమిట్ అవుతాయి లేదా రెండూ కావు. అందులో "కౌంట్ 9" అని ఫైనల్ నంబర్ రాయొద్దు, "ఒకటి తగ్గింది" అని మార్పు రాయండి, ప్రతి మార్పుకీ ఒక ప్రత్యేకమైన ఐడీ ఇవ్వండి. నెట్‌వర్క్ తెగి అదే మార్పు రెండోసారి వెళ్ళినా సర్వర్ ఆ ఐడీ చూసి ఇది ముందే చేశాను అని వదిలేస్తుంది, ఈ ఐడీ లేకుండా రీట్రై పెడితే కౌంట్ రెండుసార్లు తగ్గుతుంది.

సర్వర్ నుంచి కౌంట్ వచ్చినప్పుడు దాన్ని నేరుగా మీ కౌంట్ మీద రాయకండి. సర్వర్ పంపిన నంబర్‌లో మీరు ఇంకా పంపని మార్పులు ఉండవు కదా. మీ మార్పుల్లో ఏ ఐడీ దాకా తనకి అందాయో కూడా సర్వర్ ఆ జవాబులోనే చెప్పాలి, అప్పుడు లోకల్ కౌంట్ అంటే సర్వర్ కౌంట్‌కి ఆ తర్వాతి మార్పులన్నీ కలిపినది. ఈ లెక్క, లోకల్ రో మార్చడం, అందినవాటిని టేబుల్‌లోంచి తీసేయడం అన్నీ ఒకే ఇమీడియట్ ట్రాన్సాక్షన్‌లో జరగాలి, నెట్‌వర్క్ నుంచి డేటా తెచ్చుకోవడం మాత్రం అది మొదలవ్వకముందే అయిపోవాలి.

టెస్టింగ్ గురించి ఎవరూ అనలేదు కాబట్టి ఒక మాట. ఒక్కో స్కానర్‌తో విడిగా చేసే టెస్ట్ ఇలాంటి బగ్‌ని ఎప్పటికీ పట్టదు, ఎందుకంటే ఇది టైమింగ్ మీద ఆధారపడింది. థెరాక్-25 అనే రేడియేషన్ మెషిన్ 1985 నుంచి 1987 మధ్య రోగులకి ఎన్నో రెట్లు ఎక్కువ డోస్ ఇచ్చింది, అందులో ఒక కారణం ఆపరేటర్ స్క్రీన్ మీద ఎంట్రీని వేగంగా దిద్దినప్పుడే బయటపడే రేస్ కండిషన్ (ఏ పని ముందు జరిగిందన్న టైమింగ్‌ని బట్టి ఫలితం మారే బగ్), నెమ్మదిగా టైప్ చేసి చూస్తే ఏమీ కనబడేది కాదు. అందుకే మీ టెస్ట్‌లో పదులకొద్దీ థ్రెడ్లని కౌంట్‌డౌన్‌ల్యాచ్ దగ్గర నిలబెట్టి అన్నిటినీ ఒకేసారి వదలండి, కొన్ని ఐటమ్‌ల మీదే అందరూ పడేలా చేయండి, ఐటమ్‌లు ఎక్కువైతే ఢీకొనడం తగ్గిపోతుంది. ఆఖర్న మొదటి కౌంట్, వచ్చినవి, పోయినవి కలిపితే ఇప్పటి కౌంట్ రావాలి, మ్యాప్‌లో ప్రతి ఎంట్రీ డేటాబేస్‌తో సరిపోవాలి. ఇదే చెక్ ప్రొడక్షన్‌లో కూడా గంటకోసారి చదివే కనెక్షన్ మీద నడపొచ్చు, తేడా వస్తే ఏ ఐటమ్‌లో వచ్చిందో లాగ్‌లో పడుతుంది, సాయంత్రం దాకా ఆగక్కర్లేదు.


సింపుల్‌గా_చేద్దాం:

ఆ గంటకోసారి చెక్‌లో మ్యాప్‌నీ డేటాబేస్‌నీ పోల్చేటప్పుడు కౌంట్ కాకుండా ముందు వెర్షన్ పోల్చండి. కమిట్‌కీ మ్యాప్ అప్డేట్‌కీ మధ్య చిన్న గ్యాప్ ఉంటుంది, ఆ గ్యాప్‌లో చూస్తే నిజంగా తేడా లేకపోయినా తేడా ఉన్నట్టు కనబడుతుంది. వెర్షన్ వేరుగా ఉంటే కొన్ని సెకన్లు ఆగి మళ్ళీ చూడండి, అప్పటికీ వెనకబడే ఉంటే అది అసలు బగ్. వెర్షన్ ఒకటే అయి కౌంట్ వేరైతే మాత్రం ఆగక్కర్లేదు, ఎక్కడో ఎవరో వెర్షన్ పెంచకుండా రాస్తున్నారు.


గోడౌన్_కోడ్:

అర్థమైంది అండి, ఇంటీజర్ విషయం చూశా, పనిచేయని ర్యాక్‌లన్నీ 127 దాటినవే. ఆఖరిగా ఒక్కటి, రాత్రిపూట డేటాబేస్ ఫైల్‌ని వేరే డ్రైవ్‌కి కాపీ చేసే స్క్రిప్ట్ ఉంది, అప్పటికి యాప్ నడుస్తూనే ఉంటుంది, వాల్ ఆన్ చేశాక దానికేమైనా ఇబ్బందా?


డేటాబేస్_మనిషి:

ఇబ్బందే, ఇవాళే మార్చేయండి. వాల్‌లో కమిట్ అయిన మార్పులు చెక్‌పాయింట్ అయ్యేదాకా పక్కనున్న వాల్ ఫైల్‌లోనే ఉంటాయి, అసలు ఫైల్ ఒక్కటే కాపీ చేస్తే అవి రావు, రెండూ కాపీ చేసినా మధ్యలో యాప్ రాస్తుంటే కాపీ చెడిపోవచ్చు. వాల్ లేనప్పుడు కూడా నడుస్తున్న ఫైల్‌ని అలా కాపీ చేయడం సేఫ్ కాదు. ఎస్క్యూలైట్ బ్యాకప్ ఏపీఐ వాడండి, లేదా వాక్యూమ్ ఇంటూ అని కమాండ్ ఉంది, 2019లో 3.27.0తో వచ్చింది, యాప్ నడుస్తుండగానే ఒక క్షణంలో ఉన్న డేటాని శుభ్రంగా కొత్త ఫైల్‌లోకి రాస్తుంది. అది అయ్యాక ఆ కొత్త ఫైల్‌ని వేరే డ్రైవ్‌కి పంపండి, పంపేముందు దాని మీద ఇంటెగ్రిటీ చెక్ ఒకసారి నడపండి.